లైంగిక నేరాల కేసులలో బాధితుల హక్కులు: విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి



మన పిల్లలు బళ్లారి నుంచి బెంగళూరుకు, హోసూరు నుంచి చెన్నైకి, బరంపురం నుంచి భువనేశ్వర్‌కు, షోలాపూర్ నుంచి పూణేకు, యానాం నుంచి పుదుచ్చేరికి చదువుల కోసం వెళ్తున్నారు. హాస్టళ్లలో, అద్దె గదులలో ఉంటున్నారు. ప్రవేశ పరీక్షల గురించి, విద్యారుణాల గురించి వారికి చెప్పేవారు చాలామంది ఉన్నారు. లైంగిక నేరం జరిగితే చట్టం దగ్గర మన స్థానం ఏమిటో చెప్పేవారు తక్కువ. అటువంటి ఆపద ఏ ఇంటికీ రాకూడదనే కోరుకుందాం. వచ్చినప్పుడు మాత్రం పెద్దలు అడిగే మొదటి మాట ఒకటే: "కేసు పెడితే అంతా పోలీసుల చేతిలో, సర్కారు వకీలు చేతిలో ఉంటుంది. మన మాట ఎవరు వింటారు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను న్యాయవాదిని కాను. కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడిని. కాగితం, తేదీ, రశీదు అనే మూడింటినీ చూసే అలవాటు మాత్రం పోలేదు. చట్టం చదివాక నాకు తోచినది ఇది: బాధితురాలి మాట వినవలసిన సందర్భాలను చట్టం నేడు చాలా చోట్ల ఏర్పరచింది. కానీ వాటిలో అనేకం మనం అడిగితేనే, అదీ సకాలంలో కాగితం మీద అడిగితేనే చేతికి వస్తాయి.

కేసు ఎవరిది?

సివిల్ దావాలో ఇరుపక్షాలూ తమ తమ వకీళ్లను పెట్టుకుంటాయి. క్రిమినల్ కేసు అలా కాదు. నేరం ఒక మనిషి మీద జరిగినా, అది సమాజం మీద జరిగినట్టే లెక్క. అందుచేత ప్రభుత్వమే కేసు నడుపుతుంది. కాగితాల మీద ఒక పక్క రాష్ట్ర ప్రభుత్వం, మరొక పక్క నిందితుడు ఉంటారు. బాధితురాలు సాక్షుల జాబితాలో ఒక సాక్షిగా కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో మేలు ఉంది. ఖర్చు ప్రభుత్వానిదే. కూలి పని చేసుకునే తల్లి కూడా వకీలు ఫీజు లేకుండా ధనవంతునిపై కేసు నడిపించగలదు. లోపం కూడా ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, బెయిలు ఎప్పుడు వచ్చిందో, తీర్పుపై అప్పీలుకు వెళ్తారో లేదో, నష్టపోయిన మనిషికి చెప్పవలసిన బాధ్యత చాలాకాలం ఎవరికీ లేదు.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. పంజాబ్ రాష్ట్రం వర్సెస్ గుర్మీత్ సింగ్ అనే కేసు న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివేదే. 1984 మార్చిలో పదహారేళ్లు నిండని ఒక బాలిక మెట్రిక్ పరీక్ష రాసి, మేనమామ ఇంటికి నడిచి వెళ్తుండగా కారులో ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. మరునాటి ఉదయం ఆమెను తిరిగి వదిలిపెట్టారు. ఆ రోజు ఆమెకు ఇంకొక పరీక్ష ఉంది. ఆ పిల్ల వెళ్లి పరీక్ష రాసి, మధ్యాహ్నం ఇంటికి చేరి తల్లికి చెప్పింది. తండ్రి సర్పంచ్‌తో చెప్పాడు. పంచాయతీ కూడింది. రెండు ఊళ్ల సర్పంచులు రాజీకి ప్రయత్నించారు. అక్కడ న్యాయం జరగక, తండ్రీ కూతుళ్లు పోలీసు స్టేషన్‌కు వెళ్లారు.

1985లో కింది కోర్టు ఆ పిల్ల మాట నమ్మలేదు. పరీక్ష దగ్గర టీచర్లకు ఎందుకు చెప్పలేదు, ఫిర్యాదు ఎందుకు ఆలస్యమయింది అని ప్రశ్నించి నిందితులను వదిలేసింది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసి నిందితులకు శిక్ష విధించింది. పరువు పోతుందన్న భయంతో కుటుంబం కొంత ఆలోచించి ఫిర్యాదు చేయడం సహజమని, బాధితురాలి సాక్ష్యం నమ్మదగినదిగా ఉంటే దానిని బలపరచే మరొక సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది పంజాబ్ ప్రభుత్వం. ఆ బాలికకు గానీ, ఆమె తండ్రికి గానీ నాటి చట్టంలో అప్పీలు హక్కు లేదు. ప్రభుత్వం ఫైలు మూసేసి ఉంటే, ఆ పిల్ల అబద్ధమాడిందన్న కింది కోర్టు మాటే మిగిలిపోయేది.

చట్టం మారిన క్రమం

బాధితురాలికి పోలీసు స్టేషన్ దశ నుంచే న్యాయ సహాయం ఉండాలని సుప్రీంకోర్టు 1994లోనే ఒక కేసులో చెప్పింది. కర్ణాటక హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ మలిమత్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2003లో ఇచ్చిన నివేదికలో, క్రిమినల్ కేసులో బాధితులకు పాల్గొనే హక్కు కల్పించాలని సిఫారసు చేసింది. తరువాత చేసిన సవరణ 2009 డిసెంబర్ 31 నుంచి అమలులోకి వచ్చింది. దాని వల్ల 'బాధితులు' అంటే ఎవరో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మొదటిసారి నిర్వచించారు. సొంత వకీలును పెట్టుకునే అవకాశం, అప్పీలు హక్కు, పరిహార పథకం కూడా అప్పుడే వచ్చాయి. 2012లో పిల్లల కోసం పోక్సో చట్టం, 2013లో అత్యాచార చట్టాల సవరణ వచ్చాయి.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉంది. ఆ తేదీ నాటికి నడుస్తున్న విచారణలు, అప్పీళ్లు పాత కోడ్ ప్రకారమే సాగుతాయి. కొత్త సంహిత నిర్వచనం ప్రకారం బాధితులంటే నేరం వల్ల నష్టమో గాయమో పొందినవారు. వారి సంరక్షకులు, చట్టబద్ధ వారసులు కూడా అందులోకి వస్తారు. కాబట్టి మైనరు బిడ్డ తరఫున తల్లిదండ్రులు ఈ హక్కులు వాడుకోవచ్చు.

ఏ దశలో ఏ హక్కు

1. ఫిర్యాదు. నేరం ఎక్కడ జరిగినా, దగ్గరలో ఉన్న ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. పూణేలో జరిగిన నేరానికి షోలాపూర్‌లో ఫిర్యాదు తీసుకోవలసిందే. "మా హద్దు కాదు" అనకూడదు. లైంగిక నేరాలలో మహిళ ఇచ్చే ఫిర్యాదును మహిళా పోలీసు అధికారి గానీ మహిళా అధికారి గానీ రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ ప్రతి ఫిర్యాదు ఇచ్చినవారికి లేదా బాధితురాలికి ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. అత్యాచారం వంటి నేరంపై ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి శిక్ష కూడా ఉంది.

2. వైద్యం, వాంగ్మూలం. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేయాలి. వైద్య పరీక్ష బాధితురాలి సమ్మతితోనే జరగాలి. ఒకప్పుడు చేసిన 'రెండు వేళ్ల పరీక్ష' చేయకూడదని, చేసినవారు తప్పుచేసినట్టేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 31న స్పష్టంగా చెప్పింది. అత్యాచారం వంటి కేసులలో బాధితురాలి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేయాలి. సాధ్యమైనంతవరకు మహిళా మేజిస్ట్రేటే చేయాలి.

3. దర్యాప్తు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపు పోలీసులు బాధితురాలికి గానీ ఫిర్యాదుదారుకు గానీ తెలియజేయాలి. ఈ-మెయిల్ వంటి మార్గంలో అయినా తెలియజేయవచ్చు. అత్యాచారం, పోక్సో కేసులలో రెండు నెలలలోగా దర్యాప్తు పూర్తి కావాలి. "సాక్ష్యం లేదు, కేసు మూసేయండి" అని పోలీసులు నివేదిక ఇస్తే, దానిని ఆమోదించే ముందు ఫిర్యాదుదారు మాట మేజిస్ట్రేటు వినాలని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు రాగానే వెళ్లి అభ్యంతరం రాసి ఇవ్వాలి.

4. ఛార్జిషీటు ప్రతులు. పాత కోడ్‌లో ఈ కాగితాలు నిందితునికి ఇచ్చేవారు. కొత్త సంహిత ప్రకారం బాధితురాలికి కూడా ఇవ్వాలి. కానీ ఆమె తరఫున వకీలు ఉంటేనే ఇస్తారు. అంటే వకాలత్నామా దాఖలు కాకపోతే ఈ హక్కు చేతికి అందదు. వకీలు ఫీజు ఇచ్చుకోలేమని వెనుకాడవలసిన పనిలేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి.

5. బెయిలు. మనవారికి ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. వారి ఊరు గానీ, మరే వివరం గానీ ఇక్కడ చెప్పను. నిందితునికి బెయిలు వచ్చిన సంగతి ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు. కూతురిని కాలేజీ బస్సు ఎక్కించడానికి వెళ్లినప్పుడు, బస్ స్టాండులో అతను ఎదురుగా నిలబడి కనిపించాడు. ఆ వారం ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లలేదు. చదువు ఆగిపోవడానికి ఒక్కొక్కసారి ఇంతే కారణం చాలు.

ఇలా జరగకూడదని చట్టం చెబుతోంది. పదహారేళ్ల లోపు బాలికపై అత్యాచారం, పద్దెనిమిదేళ్ల లోపు బాలికపై సామూహిక అత్యాచారం కేసులలో బెయిలు విచారణ సమయంలో ఫిర్యాదుదారు గానీ, వారు అధికారమిచ్చిన వ్యక్తి గానీ హాజరుగా ఉండడం తప్పనిసరి. 2022 ఏప్రిల్‌లో లఖీంపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు ఇంకా విస్తృతంగా చెప్పింది. అది లైంగిక నేరం కేసు కాకపోయినా సూత్రం వర్తిస్తుంది: దర్యాప్తు దశ నుంచి అప్పీలు, రివిజన్ ముగిసేవరకు ప్రతి దశలో బాధితుల మాట వినాలి. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసులలో కూడా బెయిలు, శిక్ష వంటి విషయాలలో తమ మాట వినిపించుకునే హక్కు 2016 నుంచి ఉంది.

బెయిలు షరతుల విషయంలో 2021 మార్చి 18 నాటి తీర్పు ముఖ్యమైనది. మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో నిందితుడు బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలని షరతు పెట్టింది. సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నిందితుడు బాధితురాలిని కలవవలసి వచ్చే షరతు ఏదీ ఉండకూడదని, బెయిలు ఇచ్చిన సంగతి ఫిర్యాదుదారుకు వెంటనే తెలియజేసి, ఉత్తర్వు ప్రతి రెండు రోజులలో అందజేయాలని ఆదేశించింది. ఈ తీర్పు సంగతి మీ వకీలుకు గుర్తుచేయండి.

6. విచారణ. అత్యాచారం కేసుల విచారణ తలుపులు మూసిన గదిలో జరుగుతుంది. సాధ్యమైనంతవరకు మహిళా న్యాయమూర్తి విచారించాలి. సమ్మతి గురించిన వివాదంలో బాధితురాలి గత జీవితం గురించి, ఆమె నడవడిక గురించి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగకూడదు. నిందితుడు కనిపించకుండా తెర ఏర్పాటు చేయవచ్చని, ఇబ్బందికరమైన ప్రశ్నలను రాసి న్యాయమూర్తికి ఇస్తే ఆయనే అడగాలని, మధ్యలో విరామం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అటువంటి సాక్షుల కోసం ప్రత్యేక కేంద్రాలు ఏర్పాటు చేయాలని 2022 జనవరిలో అన్ని హైకోర్టులనూ ఆదేశించింది. బెదిరింపులు ఉంటే 2018 నాటి సాక్షి రక్షణ పథకం కింద దరఖాస్తు చేయవచ్చు.

7. కేసు ఉపసంహరణ. ప్రభుత్వం కేసును వెనక్కి తీసుకోదలిస్తే, బాధితురాలికి తన మాట చెప్పే అవకాశం ఇవ్వకుండా కోర్టు అనుమతించకూడదు. ఈ నిబంధన కొత్త సంహితతో వచ్చింది.

8. తీర్పు తరువాత. నిందితుని వదిలేసినా, తక్కువ నేరానికి శిక్షించినా, పరిహారం చాలకపోయినా బాధితురాలు స్వయంగా అప్పీలు చేయవచ్చు. అందుకు ముందుగా కోర్టు అనుమతి తీసుకోనక్కరలేదని కర్ణాటక నుంచి వెళ్లిన మల్లికార్జున కొడగలి కేసులో 2018 అక్టోబర్ 12న సుప్రీంకోర్టు తేల్చింది. 1985లో ఆ పంజాబ్ బాలికకు లేనిది నేడు మన పిల్లలకు ఉన్నది ఇదే. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేసి, గడువు సంగతి వకీలును అడగాలి. యానాం వారు పుదుచ్చేరి పరిధిలో ఉన్నందున, వారి అప్పీళ్లకు హైకోర్టు మద్రాసులో ఉందని గుర్తుంచుకోవాలి.

9. పరిహారం. నిందితుడు దొరకకపోయినా, కేసు ఓడిపోయినా పరిహారం కోరవచ్చు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో రూపొందించిన పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి కనీసం 4 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు. సామూహిక అత్యాచారంలో 5 నుంచి 10 లక్షలు. మధ్యంతర పరిహారం కూడా అడగవచ్చు. పిల్లల కేసులలో ప్రత్యేక కోర్టు ఉత్తర్వు అందిన 30 రోజులలో డబ్బు చెల్లించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. దీనిని దయగా ఇచ్చే సొమ్ముగా భావించి మొహమాటపడవద్దు. ఆగిన చదువు తిరిగి సాగడానికి, వైద్యానికి చట్టం ఏర్పరచిన సొమ్ము అది.

హక్కుకు హద్దు ఎక్కడ?

ఇంత చెప్పాక హద్దులు కూడా చెప్పాలి. బాధితురాలి వకీలు ప్రభుత్వ వకీలుకు సహాయం చేయగలరు గానీ, ఆయన స్థానంలో కేసు నడపలేరు. స్వయంగా సాక్షులను ప్రశ్నించడం, మౌఖికంగా వాదించడం కుదరదని 2019 నవంబర్‌లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితునికి కూడా న్యాయమైన విచారణ హక్కు ఉందని, ఒకరిపై ఇద్దరు వకీళ్లు దాడిచేసినట్టు కాకూడదని, ప్రభుత్వ వకీలు పగ లేకుండా నిష్పక్షపాతంగా ఉండాలని అందులోని భావం. దోషి అని తేలేవరకు నిందితుడు నిందితుడే. ఈ మాట మనకు నచ్చినా నచ్చకపోయినా న్యాయం.

కానీ ఆ తీర్పే దారి కూడా చూపింది. అడగవలసిన ప్రశ్న ఏదైనా మిగిలిపోయిందనిపిస్తే, దానిని ప్రభుత్వ వకీలు ద్వారా కోర్టు దృష్టికి తేవచ్చు. అవసరమనుకుంటే న్యాయమూర్తి తన అధికారంతో ఆ ప్రశ్న అడగవచ్చు. సాక్ష్యం పూర్తయ్యాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. శిక్ష చాలలేదని మాత్రం బాధితురాలు ఈ అప్పీలు హక్కు కింద అప్పీలు చేయలేరు. అది ప్రభుత్వమే చేయాలి.

మన భాష సంగతి

మన పిల్లలు బడిలో కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చదువుకున్నా, బాధ చెప్పుకునేటప్పుడు ఇంటి తెలుగే నోటికి వస్తుంది. కోర్టు కాగితం మాత్రం ఆ రాష్ట్ర భాషలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మన మాటలో "చెయ్యి పట్టుకున్నాడు" అంటే ఒకటి, "చెయ్యి చేసుకున్నాడు" అంటే మరొకటి. తెలుగు రానివారు రాసుకుంటే ఒకదాని బదులు మరొకటి రావచ్చు. ఆ తేడానే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో "అప్పుడొకటి చెప్పావు, ఇప్పుడొకటి చెబుతున్నావు" అనే ప్రశ్న అవుతుంది.

దీనికి చట్టంలో మార్గం ఉంది. సాక్షి ఇచ్చిన భాష ఒకటి, రాసుకున్న భాష మరొకటి అయి, ఆ భాష సాక్షికి అర్థం కాకపోతే, రాసినదానిని సాక్షికి అర్థమయ్యే భాషలో వినిపించాలి. పిల్లల కేసులలో పోలీసులు, మేజిస్ట్రేటు, ప్రత్యేక కోర్టు అనువాదకుని సహాయం తీసుకోవచ్చని పోక్సో చట్టం చెబుతోంది. "నేను తెలుగులో చెబుతాను, అనువాదకుని ఏర్పాటు చేయండి" అని ముందుగానే రాసి ఇవ్వండి. బ్యాంకులో చదవని కాగితం మీద సంతకం చేయవద్దని ఖాతాదారులకు చెప్పేవాళ్లం. ఇక్కడ ఆ జాగ్రత్త వంద రెట్లు అవసరం.

పిల్లల విషయంలో ప్రత్యేక రక్షణ

పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిలకూ అబ్బాయిలకూ సమానంగా వర్తిస్తుంది. మగపిల్లవాడికి ఏం జరుగుతుందిలే అనుకోవడం పొరపాటు. పిల్లల వాంగ్మూలం వారి ఇంట్లో గానీ, వారు కోరిన చోట గానీ తీసుకోవాలి. రాసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. కోర్టులో వకీళ్లు పిల్లలను నేరుగా ప్రశ్నించరు. ప్రశ్నలు న్యాయమూర్తికి ఇస్తే, న్యాయమూర్తే అడుగుతారు. తల్లిదండ్రులు గానీ, బిడ్డకు నమ్మకమున్న వ్యక్తి గానీ పక్కన ఉండవచ్చు. కేసు పొడవునా తోడుండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ నియమించవచ్చు. బిడ్డ సాక్ష్యం కోర్టు కేసు స్వీకరించిన 30 రోజులలో, విచారణ సాధ్యమైనంతవరకు ఒక సంవత్సరంలో ముగించాలని చట్టంలో ఉంది. ఆలస్యమైతే ఈ గడువులు చూపించి, త్వరగా విచారించమని దరఖాస్తు ఇవ్వవచ్చు.

పెద్దలకు ఒక మనవి

మన సంఘాలలో తగవులు పెద్దల సమక్షంలో తీర్చుకునే అలవాటు ఉంది. పొలం గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం అలా తీరితే మంచిదే. లైంగిక నేరం అలా తీర్చదగినది కాదు. పోక్సో నేరం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు ఉంది. బడి, హాస్టల్, సంఘం నడిపే మనవారు ఈ మాట గమనించాలి. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడు విద్యార్థినిపై చేసిన నేరానికి సంబంధించి, తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కేసు కొట్టివేస్తే, 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి కేసును తిరిగి నిలబెట్టింది. ఇటువంటి నేరం ఇద్దరి మధ్య సొంత వ్యవహారం కాదని చెప్పింది. కాబట్టి పెద్దలు రాయించే రాజీ కాగితానికి చట్టం ముందు విలువ లేదు. బిడ్డకు మాత్రం "నా వాళ్లే నన్ను అమ్మేశారు" అన్న బాధ మిగులుతుంది.

పరువు భయానికి కూడా చట్టం కొంత జవాబిచ్చింది. బాధితురాలి పేరు గానీ, ఆమెను గుర్తుపట్టగల వివరం గానీ ప్రచురించినవారికి రెండేళ్ల వరకు జైలు ఉంది. వాట్సాప్‌లో పంపేవారు కూడా ఇది తెలుసుకోవాలి.

తన పేరుతోనే నిలబడి పోరాడిన బిల్కిస్ బానో గారి కేసు చూడండి. 2002లో గుజరాత్‌లో నేరం జరిగింది. సుప్రీంకోర్టు ఆదేశంతో దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. 2004లో విచారణ ముంబైకి మారింది. 2008లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 2019లో 50 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 ఆగస్టు 15న పదకొండుమంది దోషులను గుజరాత్ ప్రభుత్వం ముందుగా విడుదల చేసింది. ఆమె మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ విడుదల చేసే అధికారం గుజరాత్‌కు లేదని 2024 జనవరి 8న కోర్టు దానిని రద్దుచేసింది. శిక్ష పడిన పద్నాలుగేళ్ల తరువాత కూడా బాధితురాలి మాటకు చోటు ఉందని ఈ కేసు చెబుతోంది. ఎంత ఓపిక కావాలో కూడా ఇదే చెబుతోంది.

ఒక ఫైలు పెట్టుకోండి

ఎఫ్ఐఆర్ ప్రతి, ఆసుపత్రి కాగితాలు, మేజిస్ట్రేటు ముందు హాజరైన తేదీ, దర్యాప్తు అధికారి పేరు, వకాలత్నామా, కేసు నంబరు, ప్రతి వాయిదా తేదీ, బెయిలు ఉత్తర్వు, పరిహారం దరఖాస్తు. ఇవన్నీ ఒకే ఫైలులో తేదీల వరుసలో ఉండాలి. ఏ దరఖాస్తు ఇచ్చినా రెండో ప్రతి మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోవాలి. ఇవ్వలేదని రేపు ఎవరైనా అంటే చూపించడానికి అదే ఆధారం. ఈ పని బాధపడిన బిడ్డ మీద పెట్టకండి. బాబాయో, పిన్నిగారో, చదువుకున్న అన్నో ఒకరు బాధ్యత తీసుకోవాలి.

చదివాక జవాబులు రాసి చూసుకోండి

1. వేరే ఊరిలో జరిగిన నేరానికి మన ఊరి స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చునా?
2. ఛార్జిషీటు ప్రతి బాధితురాలికి అందాలంటే ఏమి దాఖలై ఉండాలి?
3. బెయిలు ఉత్తర్వు ప్రతి ఫిర్యాదుదారుకు ఎన్ని రోజులలో అందాలి?
4. బాధితురాలి వకీలు చేయగలిగినవి ఏవి, చేయలేనివి ఏవి?
5. 1985లో పంజాబ్ బాలికకు లేని ఏ హక్కు 2009 తరువాత వచ్చింది?

ఈ పేజీ కత్తిరించి ఇంట్లో దాచుకోండి. ఫోన్ నంబర్లు కూడా రాసి పెట్టుకోండి: అత్యవసర సహాయం 112, మహిళల సహాయం 181, పిల్లల సహాయం 1098, ఉచిత న్యాయ సహాయం 15100. హాస్టల్‌కు వెళ్లే అమ్మాయికీ అబ్బాయికీ బట్టలు, పుస్తకాలు సర్ది ఇచ్చేటప్పుడు ఈ నాలుగు నంబర్లు కూడా రాసి ఇవ్వండి. వాటితో పాటు "ఏం జరిగినా ముందు మాకు చెప్పు, మేము నీ పక్షానే ఉంటాం" అన్న మాట కూడా నోటితో చెప్పి పంపండి.